నంద్యాల దగ్గర తెగే దారి: స్క్రిప్టుల్లో బ్యాక్‌స్లాష్ తగువు

కర్నూలు, కడప సీమల ఊళ్ల పేర్లను ఇంగ్లీషు చిన్నక్షరాల్లో రాసి ఊరికో ఫోల్డర్ పెట్టండి. విండోస్ చూపించే ఆ ఫోల్డర్ దారిని పైథాన్ స్క్రిప్టులో మామూలు కొటేషన్ల మధ్య ఉన్నదున్నట్టు రాయండి. ఊళ్లు రెండు జట్లుగా విడిపోతాయి. కర్నూలు, కడప, ప్రొద్దుటూరు, పులివెందుల, పత్తికొండ, జమ్మలమడుగు, డోన్ ఫోల్డర్లు దొరుకుతాయి. నంద్యాల, నందికొట్కూరు దొరకవు. ఆదోని, ఆలూరు, ఆళ్లగడ్డ, ఆత్మకూరు దొరకవు. బనగానపల్లె, బేతంచెర్ల, బద్వేలుదీ అదే గతి. రాజంపేట, రాయచోటి, తుగ్గలి, ఒంటిమిట్ట, వేంపల్లె కూడా ఆ జట్టులోవే.

ఊళ్ల తప్పేమీ లేదు. వాటి ఇంగ్లీషు స్పెల్లింగులో మొదటి అక్షరంతోనే చిక్కు. బ్యాక్‌స్లాష్ పక్కన ఎన్ పడితే పైథాన్ దాన్ని కొత్త వరుసగా చదువుతుంది. ఏ పడితే గంట మోత, బీ పడితే ఒక అక్షరం వెనక్కి, ఆర్ పడితే వరుస మొదటికి, టీ పడితే ట్యాబ్, వీ పడితే నిలువు ట్యాబ్. ఉయ్యాలవాడ మరీ మొండి. బ్యాక్‌స్లాష్ తర్వాత యు కనబడగానే యూనికోడ్ సంకేతం తాలూకు నాలుగు అంకెల కోసం పైథాన్ ఎదురుచూస్తుంది. అవి లేకపోతే స్క్రిప్టు మొదలే కాదు. 1846లో కుంఫిణీ మీద తిరగబడ్డ నరసింహారెడ్డికి ఇంటిపేరైన ఊరు కాబట్టి ఆ మాత్రం పౌరుషం ఉండాల్సిందే. నంద్యాలను పెద్ద ఎన్‌తో రాసినా స్క్రిప్టు మొదలుకాదు. చిన్న ఎన్‌తో రాస్తే మాత్రం చడీచప్పుడూ లేకుండా దారి రెండు ముక్కలవుతుంది. సంవత్సరాల పేర్లతో పెట్టిన ఫోల్డర్లదీ ఇదే కథ. బ్యాక్‌స్లాష్ పక్కన 2022 అని రాస్తే మొదటి మూడంకెలు ఎనిమిది మూలంగా గల సంఖ్య కింద మారిపోయి ఒక కనబడని అక్షరమవుతాయి. చివరి 2 ఒక్కటే మిగులుతుంది.

ఈ తగువుకు నలభై ఏళ్లు దాటాయి. ఇన్నేళ్లూ దీన్ని ఏ గీత వాడాలన్న ప్రశ్నగానే చూశారు. బ్యాక్‌స్లాష్‌ను రెండుసార్లు రాయాలని కొందరు, ముందుకు వాలిన గీతే రాయాలని కొందరు, గీతల జోలికే పోవద్దని ఇంకొందరు వాదించారు. వాదాలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే చిక్కు మరోచోట కనిపిస్తుంది. స్క్రిప్టులో రాసిన దారిని ఒక్కరు చదవరు. మొదట భాష, తర్వాత షెల్, ఆపైన ఆపరేటింగ్ సిస్టం, చివరికి నడవాల్సిన ప్రోగ్రాం, ఇలా నలుగురు చదువుతారు. బ్యాక్‌స్లాష్‌కు నలుగురి దగ్గరా నాలుగు అర్థాలున్నాయి. ఏ వాదాన్నైనా తూచాలంటే అది ఈ నలుగురిలో ఎవరిని దృష్టిలో పెట్టుకుని పుట్టిందో ముందు అడగాలి.

గీత వెనక్కి వాలిన వైనం

బ్యాక్‌స్లాష్ దారుల కోసం పుట్టలేదు. ఐబీఎంలో పనిచేస్తుండిన బాబ్ బీమర్ 1961లో దాన్ని అక్షర సంకేతాల పట్టికలో చేర్చాలని ప్రతిపాదించారు. ముందుకు వాలిన గీతకు దీన్ని జతచేస్తే ఆల్గాల్ భాషలోని రెండు తార్కిక చిహ్నాలను టైపు చేయవచ్చన్నది ఆలోచన. 1963లో వచ్చిన ఆస్కీ పట్టికలో అది 92వ సంఖ్యగా స్థిరపడింది. ఆ తర్వాత చాలాకాలం దానికి పెద్దగా పని దొరకలేదు.

1969లో బెల్ ల్యాబ్స్‌లో మొదలైన యూనిక్స్ ఫోల్డర్ల మధ్య ముందుకు వాలిన గీతను ఎంచుకుంది. దానికంటే ముందున్న మల్టిక్స్‌లో అక్కడ పెద్దది గుర్తు ఉండేది. కెన్ థాంప్సన్ రాసిన బి భాషలో కొత్త వరుస లాంటి ప్రత్యేకాక్షరాలను సూచించడానికి నక్షత్రం గుర్తు వాడేవారు. డెనిస్ రిచీ సి భాషలో ఆ పని బ్యాక్‌స్లాష్‌కు వచ్చింది. యూనిక్స్‌లో దారి గీత వేరు, సి భాషలో తప్పించే (ఎస్కేప్) గీత వేరు. రెండింటికీ తగువు లేదు.

తగువు డాస్‌తో వచ్చింది. 1981 నాటి మొదటి డాస్‌లో ఫోల్డర్లే లేవు. అంతకుముందు డెక్ కంపెనీ యంత్రాల్లో ఉన్న అలవాటు ప్రకారం ఆదేశాల పక్కన ఐచ్ఛికాలు చెప్పడానికి ముందుకు వాలిన గీతను వాడేశారు. 1983 మార్చిలో 10 మెగాబైట్ల హార్డ్ డిస్క్‌తో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ వచ్చింది. అంత జాగాలో ఫైళ్లన్నీ ఒకే కుప్పగా పోస్తే కుదరదు కాబట్టి దానితోపాటు వచ్చిన డాస్ 2.0లో ఫోల్డర్లు చేరాయి. ముందుకు వాలిన గీత అప్పటికే వేరే పనిలో ఉంది. మిగిలింది వెనక్కి వాలిన గీత. డాస్ లోపలి భాగం మాత్రం రెండు గీతలనూ ఒప్పుకునేది. ఒప్పుకోనిది ఆదేశాలను చదివే పై పొర. ఈ తేడా చాలామంది చరిత్రకారులకు చిన్న విషయంగా తోచింది గానీ, తర్వాతి వాదాలన్నిటికీ మూలం ఇక్కడే ఉంది.

జపాన్‌లో ఇదే 92వ సంఖ్య దగ్గర యెన్ గుర్తు, కొరియాలో వాన్ గుర్తు కనబడేవి. అక్కడి విండోస్ తెరల మీద దారులన్నీ డబ్బు గుర్తులతో నిండి ఉండేవి. జపనీస్ అక్షరాలు కొన్నింటికి రెండో బైట్ సరిగ్గా 92 కావడంతో అక్షరం మధ్యలో దారి తెగడం కూడా అక్కడివాళ్లు చూశారు.

చిక్కు ముదిరింది తర్వాతి పాతికేళ్లలో. 1995లో విండోస్ 95 పొడవైన పేర్లకు, పేర్లలో ఖాళీలకు తలుపు తీసింది. ప్రోగ్రాం ఫైల్స్ అన్న ఖాళీ ఉన్న ఫోల్డర్ ప్రతి యంత్రంలోకీ చేరింది. 2007లో జనంలోకి వచ్చిన విండోస్ విస్టా, వాడుకదారుల ఫైళ్లను డాక్యుమెంట్స్ అండ్ సెట్టింగ్స్ నుంచి యూజర్స్ అన్న ఫోల్డర్‌కు మార్చింది. 2008 చివర్లో వచ్చిన పైథాన్ 3 మామూలు కొటేషన్ల మధ్య ఉన్నదంతా యూనికోడే అంది. అంతకుముందు బ్యాక్‌స్లాష్ పక్కన పెద్ద యు రాసినా పైథాన్‌లోని మామూలు అక్షరమాలకు (స్ట్రింగుకు) పట్టేది కాదు. కొత్త పైథాన్‌లో అది ఎనిమిది అంకెల సంకేతానికి తొలి గుర్తు. ఒకరితో ఒకరికి సంబంధం లేని ఇద్దరు రెండేళ్ల తేడాలో తీసుకున్న నిర్ణయాల వల్ల, ప్రతి విండోస్ యంత్రంలోనూ ఉండే అతి మామూలు దారి ప్రతి కొత్త పైథాన్ విద్యార్థికీ మొదటి దోషమైంది.

రెండేసి గీతలు: సి ల్యాబుల వారసత్వం

అన్నిటికంటే పాత వాదం ఇది. బ్యాక్‌స్లాష్‌కు భాషలో వేరే పని ఉంది కాబట్టి దాన్ని దాని కోసమే రాయాలంటే రెండుసార్లు రాయాలి. మన ఇంజనీరింగ్, పాలిటెక్నిక్ కళాశాలల్లో ఏళ్ల తరబడి టర్బో సి నడిచింది. గ్రాఫిక్స్ ప్రోగ్రాముల్లో ఇనిట్‌గ్రాఫ్ అనే ఫంక్షన్‌కు మూడో విలువగా సి డ్రైవులో టీసీ ఫోల్డర్‌లోని బీజీఐ ఫోల్డర్ దారి ఇవ్వాలి. చాలామందికి రెండు గీతలతో మొదటి పరిచయం ఈ వరుసలోనే జరిగింది. చిన్నక్షరాల్లో ఒక్కో గీతతో రాస్తే టీ దగ్గర ట్యాబ్, బీ దగ్గర వెనకడుగు వచ్చిపడేవి. తెర మీద వృత్తం బదులు గ్రాఫిక్స్ మొదలు కాలేదన్న సందేశం కనిపించేది. అదే దారిని పెద్దక్షరాల్లో రాస్తే ట్యాబ్ రాదు గానీ చాలా కంపైలర్లలో గీతలే మాయమయ్యేవి. పక్క బెంచీ వాళ్లది నడిచి మనది ఆగడానికి చిన్నక్షరాలో పెద్దక్షరాలో కారణమని ఎవరికి తడుతుంది? అందుకే రెండు గీతలు అర్థమై కాక మంత్రంలా బట్టీపట్టిన తరాలున్నాయి.

ఈ వాదం బలం దాని నిజాయితీలో ఉంది. భాష చదివేటప్పుడు ఏం జరుగుతుందో అది దాచదు. సి, జావా, జావాస్క్రిప్ట్, పైథాన్ అన్నిటిలో ఒకేలా పనిచేస్తుంది. బలహీనత కూడా స్పష్టమే. నెట్‌వర్క్ ఫోల్డర్ దారి రెండు గీతలతో మొదలవుతుంది కనుక నాలుగు రాయాలి. దాన్నే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో వెతకాలంటే గీతలు ఇంకా రెట్టింపవుతాయి. పైగా ఫైల్ ఎక్స్‌ప్లోరర్ నుంచి కాపీ చేసిన దారిని చేత్తో సరిదిద్దుతూ కూర్చోవాలి. అయితే ఇది నలుగురిలో మొదటి పాఠకుడికి మాత్రమే జవాబు. సెట్టింగుల ఫైలు నుంచో, తెర మీద టైపు చేసిందాని నుంచో చదివిన దారికి రెండు గీతలు అక్కర్లేదు. అక్కడా రెండేసి పెట్టేవాళ్లు తక్కువేం లేరు.

ముందుకు వాలిన గీత చాలదా?

రెండో పక్షం ప్రశ్న ఇది. విండోస్‌లో ఫైలు తెరిచే సౌకర్యాలు దాదాపు అన్నీ ముందుకు వాలిన గీతను తీసుకుని తామే మార్చుకుంటాయి. అలాంటప్పుడు తప్పించే గొడవే లేని గీతను అన్నిచోట్లా ఎందుకు వాడకూడదు? లినక్స్ సర్వరు మీదా, విండోస్ డెస్క్‌టాప్ మీదా ఒకే స్క్రిప్టు నడవాలనుకునేవారికి ఇది గట్టి వాదం. దీనికి లినక్స్ వైపు నుంచి ఇంకో ఊతం ఉంది. అక్కడ బ్యాక్‌స్లాష్ ఫైలు పేరులో ఉండదగ్గ మామూలు అక్షరం. విండోస్ పద్ధతిలో రాసిన స్క్రిప్టు లినక్స్‌లో నడిస్తే ఫోల్డర్‌లో ఫైలు పుట్టదు. ఫోల్డర్ పేరు, గీత, ఫైలు పేరు కలిసి ఒకే పొడవైన పేరున్న ఫైలు ఒకటి నడుస్తున్న చోటే పుడుతుంది. దోషం చూపించదు. వారం తర్వాత ఫైలేదని ఎవరో అడిగినప్పుడు బయటపడుతుంది.

ప్రత్యర్థుల సమాధానం ఫైలు తెరవడం గురించి కాదు, నడిపించడం గురించి. కమాండ్ ప్రాంప్ట్‌లో కొటేషన్లు లేకుండా ఫోల్డర్ పేరు, ముందుకు వాలిన గీత, బ్యాచ్ ఫైలు పేరు కొడితే ఫోల్డర్ పేరునే ఆదేశమనుకుని అలాంటిది లేదంటుంది. గీత తర్వాతిదాన్ని ఐచ్ఛికంగా చదివే పాత ప్రోగ్రాములూ ఉన్నాయి. పొడవైన దారుల కోసం ముందు ప్రశ్నార్థకంతో కూడిన ప్రత్యేక గుర్తు తగిలిస్తే విండోస్ గీతలు మార్చిపెట్టడం మానేస్తుంది. అంటే ఈ పక్షం మూడో పాఠకుడైన ఆపరేటింగ్ సిస్టం దగ్గర గెలిచి, రెండో పాఠకుడైన షెల్ దగ్గర ఓడుతుంది.

రా స్ట్రింగులు, దారి వస్తువులు

మూడో పక్షం భాషనే చూపు తిప్పుకోమంటుంది. పైథాన్‌లో కొటేషన్ ముందు ఆర్ అక్షరం, సి షార్ప్‌లో ఎట్ గుర్తు పెడితే లోపలి బ్యాక్‌స్లాష్‌లను మామూలు అక్షరాలుగానే చదువుతాయి. కాపీ చేసిన దారిని అలాగే అతికించవచ్చు కనుక విండోస్ మీదే బతికే స్క్రిప్టుకు ఇంతకంటే సులువు లేదు. నంద్యాలా దొరుకుతుంది, ఉయ్యాలవాడా దొరుకుతుంది. ఒక్క లొసుగుంది. పైథాన్ రా స్ట్రింగు ఒంటి బ్యాక్‌స్లాష్‌తో ముగియకూడదు. ఫోల్డర్ దారి చివర గీత పెట్టే అలవాటున్నవారికి ఇది ప్రతిసారీ తగిలే ముల్లు.

నాలుగో పక్షం దారి అక్షరమాల కాదు, దానికదే ఒక వస్తువు (ఆబ్జెక్ట్) అంటుంది. పైథాన్‌లో ఆంట్వాన్ పిత్రూ ప్రతిపాదనతో 2014లో 3.4 సంచికలో పాత్‌లిబ్ వచ్చింది. జావాలో 2011 నాటి 7వ సంచికలో, సి++లో 2017 ప్రమాణంలో ఇలాంటివే వచ్చాయి. ఫోల్డర్, ఉపఫోల్డర్, ఫైలు పేర్లను ముక్కలుగా ఇస్తే వాటిని కలిపే గీతను యంత్రమే ఎంచుకుంటుంది. మొదట్లో పాత్‌లిబ్‌ను జనం అంతగా ఆదరించలేదు. దారి వస్తువును ఇస్తే పైథాన్ సొంత ఫైలు ఫంక్షన్లే తీసుకునేవి కావు. ప్రతిసారీ అక్షరమాలగా మార్చాల్సి వచ్చేది. 2016 చివర్లో వచ్చిన 3.6తో ఆ ఇబ్బంది తీరింది. అయినా విమర్శ పూర్తిగా పోలేదు. వేరే ప్రోగ్రాంను నడపాలన్నా, ఎక్సెల్‌కు దారి అందించాలన్నా, డేటాబేసులో దాచాలన్నా చివరికి అది అక్షరమాలే కావాలి. గోడ దాటే క్షణంలో పాత తగువంతా తిరిగొస్తుంది.

నాలుగింటినీ ఒకచోట చూస్తే ఇలా తేలుతుంది. ఒకటే భాషలో, సొంత కోడులో చిన్న పని అయితే రెండు గీతలు తక్కువ ఖర్చు, అర్థమైతేనే. విండోస్‌కే పరిమితమై, దారులు అతికించే పని ఎక్కువగా ఉంటే రా స్ట్రింగులు. ఫైళ్లు తెరవడమే తప్ప ఏదీ నడపని, రెండు వ్యవస్థల మీదా తిరగాల్సిన స్క్రిప్టుకు ముందుకు వాలిన గీత. దారులను కలపడం, విడదీయడం, పోల్చడం ఉన్న ఏ పెద్ద పనికైనా దారి వస్తువులు. నాలుగో పక్షం వైపే మొగ్గు ఎక్కువగా ఉండాలని ఈ సమీక్షకుడి అభిప్రాయం. కానీ దాన్ని గెలిచిన పక్షంగా ప్రకటించడం తొందరపాటు. ఎందుకంటే ఇప్పటిదాకా చెప్పింది ఫైలు తెరవడం గురించి. స్క్రిప్టుల్లో ఎక్కువ గొడవ ఫైలును నడిపించేటప్పుడు వస్తుంది.

నడిపించడం వేరే లెక్క

ఒక స్క్రిప్టు మరో ఫైలును నడపాలంటే ఆదేశాన్ని ఒకే పొడవైన వరుసగా రాసి షెల్‌కు ఇవ్వవచ్చు. లేదా ప్రోగ్రాంను, దానికిచ్చే విలువలను విడివిడిగా జాబితాగా ఇవ్వవచ్చు. మొదటిది రాయడానికి సులువు. అందుకే మండల కార్యాలయంలోని డేటా ఎంట్రీ కంప్యూటర్ నుంచి పెద్ద కార్యాలయాల దాకా అదే కనిపిస్తుంది. ఖాళీ ఉన్న పేరు తగలగానే అది విరుగుతుంది. అడంగల్ 2022 అన్న ఫోల్డర్‌ను షెల్ రెండు మాటలుగా చదువుతుంది.

కొటేషన్లు పెడితే చాలునని అందరూ చెబుతారు. ఎక్కడ పెట్టాలన్న దగ్గర ఏకాభిప్రాయం చెదిరిపోతుంది. ప్రోగ్రాం దారికి ఒక జత, ఫైలు దారికి ఒక జత పెట్టి పైథాన్ నుంచి కమాండ్ ప్రాంప్ట్‌కు ఇస్తే అది మొదటి కొటేషన్‌నూ చివరి కొటేషన్‌నూ తీసేస్తుంది. మిగిలింది అర్థంలేని వరుస. దానికి మందుగా మొత్తం చుట్టూ మూడో జత పెట్టాలి. స్టార్ట్ ఆదేశం ఇంకో వింత. కొటేషన్లలో ఇచ్చిన మొదటి మాటను అది కిటికీ శీర్షిక అనుకుంటుంది. బ్యాచ్ ఫైలు నడవదు, ఆ దారిని పేరుగా పెట్టుకున్న ఖాళీ నల్ల కిటికీ తెరుచుకుంటుంది. పవర్‌షెల్‌లో కొటేషన్ల మధ్య దారి రాసి ఎంటర్ కొడితే ఆ దారినే తిరిగి చూపించి ఊరుకుంటుంది. నడపమని చెప్పడానికి ముందు అండ్ గుర్తు పెట్టాలి. పవర్‌షెల్‌లో తప్పించే గుర్తు బ్యాక్‌టిక్ కనుక అక్కడ బ్యాక్‌స్లాష్‌కు ఏ ఇబ్బందీ లేదు. బ్యాష్‌లో మాత్రం కొటేషన్లు లేని బ్యాక్‌స్లాష్‌లన్నీ మాయమవుతాయి.

నాలుగో పాఠకుడి సంగతి చాలా తక్కువమందికి తెలుసు. విండోస్ ప్రోగ్రాములు తమకు వచ్చిన వరుసను తామే విడగొట్టుకుంటాయి. మైక్రోసాఫ్ట్ నియమం ప్రకారం బ్యాక్‌స్లాష్ మామూలు అక్షరమే, దాని వెంటనే కొటేషన్ ఉంటే తప్ప. బ్యాచ్ ఫైళ్లలో స్క్రిప్టు ఉన్న ఫోల్డర్‌ను చెప్పే %~డీపీ0 ఎప్పుడూ బ్యాక్‌స్లాష్‌తోనే ముగుస్తుంది. దాన్ని కొటేషన్లలో పెట్టి మరో ప్రోగ్రాంకు ఇస్తే చివరి గీత కొటేషన్‌ను మింగేస్తుంది. తర్వాతి విలువలన్నీ ఒకే ముద్దగా అతుక్కుంటాయి. ఫైళ్లు కాపీ చేసే రోబోకాపీకి ఇలా ఫోల్డర్ ఇచ్చి తల పట్టుకున్నవాళ్లు లెక్కలేనంతమంది. చివర ఒక చుక్క చేర్చడం వాడుకలో ఉన్న చిట్కా.

అందుకే జాబితా పద్ధతిని సమర్థించేవారి గొంతు పెరుగుతోంది. 2004 నాటి పైథాన్ 2.4లో వచ్చిన సబ్‌ప్రాసెస్ దానికి ఆధారం. షెల్‌ను మధ్య నుంచి తప్పిస్తే నలుగురు పాఠకుల్లో ఒకరు తగ్గుతారు. ఇది భద్రతకూ సంబంధించిన మాటే. ప్రోగ్రాం ఫైల్స్ లోపలి దారిని కొటేషన్లు లేకుండా ఇస్తే విండోస్ మొదటి ఖాళీ దగ్గర ఆగి, ప్రోగ్రాం అన్న పేరుతో సి డ్రైవు మొదట్లో ఏదైనా ఫైలుందా అని వెతుకుతుంది. అక్కడ ఎవరైనా తమ ఫైలు పెట్టి ఉంటే అదే నడుస్తుంది. కానీ జాబితా పద్ధతికీ ఒక కన్నం ఉందని 2024 ఏప్రిల్‌లో తేలింది. నడిపేది బ్యాచ్ ఫైలైతే విండోస్ తనంతట తానే కమాండ్ ప్రాంప్ట్‌ను మధ్యలోకి పిలుస్తుంది. దాని నియమాలు వేరు. బ్యాట్‌బ్యాడ్‌బట్ అని పేరు పడిన ఆ లోపంతో రస్ట్‌తో సహా పలు భాషలు తమ పద్ధతిని సరిచేసుకోవాల్సి వచ్చింది. తప్పించాం అనుకున్న పాఠకుడు పెరటి తలుపు నుంచి వచ్చాడన్నమాట.

దారి ఎక్కడ మొదలు?

గీతల గురించి ఇంత వాదం జరిగినా, ఫైలు దొరక్కపోవడానికి ఎక్కువసార్లు కారణం గీత కాదు, మొదలు. డ్రైవు అక్షరం నుంచి పూర్తి దారి రాయాలన్నది ఒక మాట, నడుస్తున్న చోటు నుంచి రాయాలన్నది రెండోది, స్క్రిప్టు ఉన్న చోటు నుంచి లెక్కించాలన్నది మూడోది. పూర్తి దారిలో అనుమానానికి చోటుండదు. అయితే నిన్న ‘ఈ’ అన్న పెన్ డ్రైవు నేడు ‘ఎఫ్’ అవుతుంది, అంతటితో సరి. నడుస్తున్న చోటును నమ్మితే రెండుసార్లు నొక్కినప్పుడు నడిచే బ్యాచ్ ఫైలు అడ్మినిస్ట్రేటర్‌గా నడిపితే ఆగుతుంది, ఎందుకంటే అప్పుడది సిస్టం32 ఫోల్డర్‌లో మొదలవుతుంది. టాస్క్ షెడ్యూలర్‌లో స్టార్ట్ ఇన్ గడి ఖాళీగా వదిలినా అంతే. నెట్‌వర్క్ ఫోల్డర్‌లోంచి నడిపితే కమాండ్ ప్రాంప్ట్ ఆ చోటును ఒప్పుకోక విండోస్ ఫోల్డర్‌కు పోతుంది. పుష్‌డీ ఆదేశం తాత్కాలికంగా ఒక డ్రైవు అక్షరం ఇచ్చి దీన్ని గట్టెక్కిస్తుంది. మూడో మాటే నిలకడైనది. బ్యాచ్‌లో %~డీపీ0, పైథాన్‌లో స్క్రిప్టు తన దారి తాను చెప్పే ఫైల్ విలువ, 2012 నాటి పవర్‌షెల్ 3.0 నుంచి పీఎస్ స్క్రిప్ట్ రూట్ ఇందుకే ఉన్నాయి.

మన జిల్లాల్లో దీనికి అదనపు మెలిక ఉంది. కడప ఇంగ్లీషు స్పెల్లింగు 2005లో మారింది. పాతది సీతో మొదలయ్యేది, కొత్తది కేతో మొదలవుతుంది. 2010లో జిల్లాకు వైఎస్సార్ పేరొచ్చింది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయినప్పుడు కర్నూలు నుంచి నంద్యాల జిల్లా, కడప-చిత్తూరుల నుంచి రాయచోటి కేంద్రంగా అన్నమయ్య జిల్లా విడిపోయాయి. జిల్లా పేరే ఫోల్డర్ పేరుగా దారిని స్క్రిప్టులో గుచ్చినవాళ్లు ప్రతి మార్పుకూ స్క్రిప్టులు తెరవాల్సిందే. లినక్స్‌లో పెద్దచిన్నక్షరాల తేడా కూడా లెక్కే కనుక, ఎమ్మిగనూరును ఈతో ఒకరు, వైతో ఒకరు రాసే చోట చిక్కు రెట్టింపు. పేర్ల బదులు ప్రభుత్వ సంకేత సంఖ్యలు వాడమనే సలహా బాగానే ఉంది. తమాషా ఏమిటంటే 0 నుంచి 7 లోపు అంకెతో మొదలయ్యే సంఖ్య బ్యాక్‌స్లాష్ పక్కన పడితే మళ్లీ ఎనిమిది మూలంగా గల సంఖ్యే అవుతుంది.

తెలుగు పేరుతో ఫైలు

నంద్యాల ఫోల్డర్‌ను తెలుగులోనే పెడితే? బ్యాక్‌స్లాష్ పక్కన ‘న’కు ఏ భాషలోనూ ప్రత్యేకార్థం లేదు. మొదటి పాఠకుడి చిక్కు ఆ మేరకు పోతుంది. తర్వాతివి మొదలవుతాయి. విండోస్‌లో తెలుగుకు పాత తరహా కోడ్ పేజీ లేదు. తెలుగు దానికి యూనికోడ్‌గానే 2001 నాటి ఎక్స్‌పీతో పరిచయం. అందువల్ల కోడ్ పేజీని నమ్ముకున్న పాత ప్రోగ్రాములు తెలుగు పేరును ప్రశ్నార్థకాలుగా మారుస్తాయి. ఫైలు పేరులో ప్రశ్నార్థకం చెల్లదు కనుక ఫైలు తెరుచుకోదు. తెలుగు దారి ఉన్న బ్యాచ్ ఫైలును యూటీఎఫ్-8లో దాచి, పైన కోడ్ పేజీని 65001కి మార్చే వరుస రాయాలి. కర్నూలు, ప్రొద్దుటూరు డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్ల కాలం నుంచి ఫైళ్లకు ఇంగ్లీషు పేర్లే పెట్టడానికి కారణం వేరు. ఆ ఫాంట్లలో తెలుగు కనబడేదే తప్ప లోపల ఉన్నవి ఇంగ్లీషు సంకేతాలు. ఫైలు పేరుకు ఆ ఫాంటు వర్తించదు. ఆ అలవాటే యూనికోడ్ వచ్చాక కూడా నిలిచింది.

పొడవు లెక్కా మారుతుంది. లినక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లకు మించకూడదు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు. ‘కర్నూలు’లో పొల్లు, గుణింతాలతో కలిపి 7 సంకేతాలు, అంటే 21 బైట్లు. మొత్తం మీద పేరుకు 85 సంకేతాలే దక్కుతాయి. విండోస్‌లో అదే పరిమితి సంకేతాల లెక్కన 255 కనుక అక్కడ పుట్టిన పొడవాటి తెలుగు పేరు లినక్స్‌కు కాపీ కాకపోవచ్చు.

ఇంకో చిక్కు కంటికే కనబడదు. తెలుగు యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే సంకేతంగానూ రాయవచ్చు, ఎత్వం, దాని కింద ఇంకో గుర్తు కలిపి రెండుగానూ రాయవచ్చు. పాత మ్యాకుల ఫైలు వ్యవస్థ పేర్లను రెండో రూపంలోకి విడగొట్టి దాచేది. అక్కడ పెట్టిన మైదుకూరు ఫోల్డర్‌ను లినక్స్‌కు తెచ్చి, కీబోర్డుతో టైపు చేసిన మైదుకూరుతో వెతికితే దొరకదు. ఇంకా మామూలుగా జరిగేది పొల్లు తర్వాత చేరే కనబడని విడదీత సంకేతం. కొన్ని కీబోర్డులు దాన్ని మాట చివర కూడా పెడతాయి. తెర మీద రెండు ‘కర్నూల్’లు ఒకేలా ఉంటాయి, స్క్రిప్టు ఒకదాన్నే చూస్తుంది. బ్యాక్‌స్లాష్ తగువుకు ఉన్నంత సాహిత్యం దీనికి లేదు. ఉండాల్సింది దీనికే ఎక్కువ.

తేలనివి

అర్థంలేని బ్యాక్‌స్లాష్ జంటలను ఏం చేయాలన్నది పైథాన్‌లో ఇంకా నడుస్తున్న కథ. 2016లో 3.6 వాటిని కాలం చెల్లిన వాడుకగా గుర్తించింది. 2023లో 3.12 అందరికీ కనబడేలా హెచ్చరిక చూపడం మొదలుపెట్టింది. ఎప్పటికైనా దోషంగా మార్చాలన్నది ఉద్దేశం. కొత్త విద్యార్థులకు అది మేలే, తప్పు మొదటి రోజే తెలుస్తుంది. కార్యాలయాల్లో పదేళ్లుగా కదపకుండా నడుస్తున్న పాత స్క్రిప్టుల పరిస్థితి వేరు. వాటికి ఇన్నాళ్లూ అదృష్టం కలిసొచ్చిందని ఒక పక్షం, భాష మాట తప్పుతోందని మరో పక్షం.

పాఠం ఎక్కడ మొదలుపెట్టాలన్నదీ తేలలేదు. దారి వస్తువులతో మొదలుపెడితే విద్యార్థికి చిక్కులు తగలవు, కానీ బ్యాచ్ ఫైలు ముందు కూర్చోబెడితే తెల్లముఖం వేస్తాడు. రెండు గీతలతో మొదలుపెడితే లోపలి సంగతి తెలుస్తుంది, మంత్రంగా మిగిలే ప్రమాదమూ ఉంది. జాబితా పద్ధతికీ బ్యాచ్ ఫైళ్లకూ మధ్య బయటపడిన కన్నానికి ఒక్కో భాష ఒక్కో అతుకు వేసింది. అందరూ ఒప్పుకున్న నియమం లేదు.

పొడవైన దారుల విషయం మరీ అసంపూర్తిగా ఉంది. విండోస్‌లో దారికి పాత పరిమితి 260 అక్షరాలు. 2016లో విండోస్ 10 తాలూకు 1607 సంచిక ఆ కట్టును విప్పుకునే వీలిచ్చింది. అందుకు యంత్రంలో రిజిస్ట్రీ అమరిక మార్చాలి, నడిచే ప్రోగ్రాం కూడా తాను సిద్ధమని తన వివరాల్లో ప్రకటించుకోవాలి. పైథాన్ ప్రకటించుకుంది. అది పిలిచే ప్రోగ్రాములన్నీ ప్రకటించుకోలేదు. జిల్లా, మండలం, గ్రామం, సంవత్సరం వరుసన లోతుగా పేర్చిన ఫోల్డర్లలో, అందులోనూ పొడవాటి పేర్లున్నచోట, స్క్రిప్టు నిక్షేపంగా తెరిచిన ఫైలును అదే యంత్రంలో దాని చేతినుంచి అందుకున్న ప్రోగ్రాం లేదనడం ఇప్పటికీ జరుగుతోంది.